పక్క సీట్లో కూర్చునేదెవరు?

అందరికీ నమస్కారం. వెనక వరుస వరకూ వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న పని. ఇరవై నిండకముందే డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఆఁ, నలభై దాటినవాళ్లవి బాగానే లేచాయి. దించేయండి. ఇప్పుడు ఇరవైకీ పాతికకీ మధ్య ఉన్నవాళ్లు మాత్రమే ఎత్తండి. చూశారుగా. ఎత్తిన ఆ నలుగురైదుగురు కూడా పక్కవాళ్లు ఏమనుకుంటారోనని సగమే ఎత్తారు. (నవ్వులు)

కుర్రవాళ్లు లైసెన్స్ తీసుకోవడం తగ్గిపోయింది. పెద్దవాళ్లు నలుగురు చేరిన చోట ఈ సంగతి వచ్చిందంటే జవాబు రెడీగా ఉంటుంది. ఈ కాలం పిల్లలకి చేతిలో ఫోనుంటే చాలు, కారుతో పనేంటి అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. తర్వాత లెక్కలు చూశాను, చూశాక నోరు మూసుకోవాల్సి వచ్చింది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఇక్కడ కొందరున్నారు, అందుకే ఇలా మైకు ముందుకొచ్చాను.

లెక్కలు ఎక్కువగా అమెరికావే చెప్తాను. పదహారేళ్లు రాగానే తాళాలు చేతికొచ్చే దేశం అది, ఎంత తగ్గిందో అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిషిగన్ యూనివర్సిటీలో మైకేల్ సివాక్, బ్రాండన్ షోట్లే అని ఇద్దరు ఏళ్ల తరబడి ఇదే పనిమీద కూర్చున్నారు. వాళ్లు తీసిన లెక్క ఇది: 1983లో అక్కడ పదహారేళ్లవాళ్లలో 46 శాతం మందికి లైసెన్స్ ఉండేది, 2014 వచ్చేసరికి 24 శాతానికి దిగింది. అంటే దాదాపు సగం. పదహారు అంటే మరీ చిన్న వయసు, పోనీ అనుకుందాం. పందొమ్మిదేళ్లవాళ్లని చూడండి, 87 నుంచి 69కి. ఇరవై నుంచి ఇరవై నాలుగు మధ్య వాళ్లు, అంటే చదువు అయిపోయి ఉద్యోగాల్లో ఉండాల్సినవాళ్లు, దాదాపు 92 నుంచి 77కి. ఇంగ్లండులో కూడా ఇదే వరస. 1990ల మొదట్లో పదిహేడు నుంచి ఇరవై మధ్య వాళ్లలో 48 శాతానికి లైసెన్స్ ఉంటే, 2014లో 29 శాతానికి ఉంది.

ఇప్పుడు మన ఫోను సంగతి. ఐఫోన్ వచ్చింది 2007లో. కానీ 2008 నాటికే ఆ పదహారేళ్లవాళ్ల శాతం 46 నుంచి 31కి పడిపోయింది. అంటే మొత్తం పడిన దాంట్లో మూడింట రెండు వంతులు, ఫోను ఇంకా జేబులోకి సరిగ్గా దూరకముందే పడిపోయింది. 1990ల్లో కూర్చుని లైసెన్స్ మానేసిన పిల్లలు ఏ యాప్ చూసుకుని మానేశారు? ఊబర్ రోడ్డెక్కిందే 2010లో.

అలాగని ఫోనుకి అసలు సంబంధమే లేదని కూడా అనను, అది ఇంకో రకం మొండితనం. ఆ సివాక్‌గారే పదిహేను దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంటర్నెట్ వాడేవాళ్లు ఎక్కువున్న దేశాల్లో కుర్రవాళ్ల లైసెన్సులు తక్కువగా కనిపించాయి. అయితే ఆ పదిహేనులో ఎనిమిది దేశాల్లోనే తగ్గాయి, ఏడింటిలో పెరిగాయి. తగ్గినవాటిలో అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్, స్వీడన్ ఉంటే, పెరిగినవాటిలో స్విట్జర్లండ్, నెదర్లండ్స్, ఫిన్లండ్ ఉన్నాయి. నెదర్లండ్స్‌లో, ఫిన్లండ్‌లో ఇంటర్నెట్ లేదా ఏంటి? కాబట్టి ఫోను ఒక చెయ్యి వేసి ఉంటుంది, కాదనను. తోసింది మాత్రం వేరేవాళ్లు.

ఎవరు? ఆ మాట పిల్లల్నే అడిగితే పోతుంది కదా. 2013లో ఆ మిషిగన్‌వాళ్లే అడిగారు. పద్దెనిమిది నుంచి ముప్పై తొమ్మిది ఏళ్ల మధ్య ఉండి లైసెన్స్ లేని 618 మందిని పట్టుకుని ఎందుకు తీసుకోలేదని అడిగారు. అందరికంటే ఎక్కువమంది, 37 శాతం, చెప్పిన జవాబు ఏంటో ఊహించండి.

(శ్రోతల్లోంచి: డబ్బు!)

కాదు, డబ్బు రెండోది, 32 శాతం. మొదటిది: టైం లేదు. బిజీ. (నవ్వులు) నవ్వుతారని తెలుసు. నేనూ నవ్వాను. నాలుగు గంటలు కూర్చుని వీడియోలు చూసేవాడికి టైం లేదంట. మూడోది, ఎవరో ఒకరు దింపుతున్నారు కదా అని, 31 శాతం. పర్యావరణం కోసం అన్నవాళ్లు 9 శాతం. ఇక ఆన్‌లైన్‌లోనే పనులైపోతున్నాయి, మాట్లాడుకోవడం అయిపోతోంది అన్నవాళ్లు ఎంతమందో తెలుసా? 8 శాతం. మనం అందరికంటే ముందు చెప్పే కారణం, వాళ్ల లిస్టులో దాదాపు చివర ఉంది.

ఈ ‘బిజీ’ దగ్గర కాసేపు ఆగుదాం, నా మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది. బిజీ అన్న పిల్లవాణ్ణి నేను ఇదివరకు బద్ధకస్తుడు అనుకునేవాణ్ణి. తర్వాత మా అమ్మాయికి కారు నేర్పే పని నా మీద పడింది.

చాలా అమెరికన్ రాష్ట్రాల్లో పద్దెనిమిది నిండని పిల్లలు పరీక్షకి వెళ్లాలంటే, పక్కన లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు కూర్చోగా యాభై గంటలు నడపాలి, అందులో పది గంటలు రాత్రిపూట. కాలిఫోర్నియా రూలు అదే. రూలు చదివేటప్పుడు పిల్లవాడి యాభై గంటలు అనిపిస్తుంది. ఒక్కసారి ఆలోచించండి, అవి ఇద్దరి యాభై గంటలు. పక్కన కూర్చునే మనిషివి కూడా. ఆ మనిషికి లైసెన్స్ ఉండాలి, కారు ఉండాలి, ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉండాలి, సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండే ఉద్యోగం ఉండాలి, వీటన్నిటికంటే ముందు ఓపిక ఉండాలి. బ్రిటన్‌లో సగటు లెక్క చెప్తారు, టీచరు దగ్గర నలభై అయిదు గంటలు, ఇంట్లోవాళ్లతో ఇరవై రెండు గంటలు అని. స్వీడన్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో నేర్పాలనుకునే పెద్దవాళ్లు కూడా పిల్లవాడితోపాటు ముందు ఒక క్లాసుకి వెళ్లి రావాలన్నారు. నాకు ఆ రూలు చాలా నచ్చింది, ఎందుకు నచ్చిందో చెప్తాను.

మొదటి ఆదివారం. పొద్దున్నే ఏడింటికి, ఇంకా ఎవరూ రాని పెద్ద పార్కింగ్ లాట్. మా అమ్మాయి డ్రైవర్ సీట్లో, నేను పక్కన. తను సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సర్దుకుంది, అంతా వీడియోలో చూసి నేర్చుకున్నట్టుంది, నాకంటే పద్ధతిగా చేసింది. బ్రేకు మీంచి కాలు తీసింది. కారు దానంతటదే నెమ్మదిగా కదిలింది, నడక వేగం కూడా కాదు. నేను ‘బ్రేక్! బ్రేక్!’ అని అరిచాను. ఎదురుగా ఏముంది? ఏమీ లేదు. రెండొందల గజాల ఖాళీ సిమెంటు. తను ఠక్కున ఆపేసి, స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి, నావైపు చూసి అడిగింది, ‘నాన్నా, దేనికి?’ అని. నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి. నా కాళ్ల దగ్గర బ్రేకు లేదని నాకు తెలుసు. పాతికేళ్లుగా నడుపుతున్నాను, తెలియకుండా ఎలా ఉంటుంది. కానీ తను మలుపు తిప్పిన ప్రతిసారీ నా కుడికాలు వెళ్లి ఆ ఉత్త నేలని నొక్కేది. మూడు నెలలు అలా నొక్కీ నొక్కీ, ఆ సీటు ముందున్న రబ్బరు మ్యాట్ మీద మడమ ఆనే చోట చారలు అరిగి నున్నగా అయిపోయాయి. ఇప్పటికీ చూపించగలను. మా ఆవిడ అంది, నేర్చుకుంటోంది అది, అరుగుతోంది మీరు అని. (నవ్వులు)

యాభై గంటల్లో మాకు ముప్పై అయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. తనకి పరీక్షలు, నాకు ఆఫీసు, వానలు, ఒకసారి నా నడుం పట్టేసింది, ఒకసారి ఇద్దరికీ మాటామాటా వచ్చి మూడు వారాలు కారెక్కలేదు. ఆ టైంలో ఎవరైనా వచ్చి మా అమ్మాయిని, నీకింకా లైసెన్స్ ఎందుకు రాలేదమ్మా అని అడిగితే, ఏం చెప్పేది? ‘బిజీ అంకుల్’ అనేది. తను మర్యాద తెలిసిన పిల్ల, ‘మా నాన్న ఖాళీగా లేడు, ఖాళీగా ఉన్నా అరుస్తాడు’ అని పైవాళ్లతో చెప్పదు కదా. అప్పుడు నాకు ఆ 37 శాతం అర్థమైంది. వాళ్లలో ఎంతమంది ‘బిజీ’ వెనక పక్క సీటు ఖాళీగా ఉందో.

ఇంతకుముందు ఈ పక్క సీట్లో ఎవరు కూర్చునేవాళ్లు? అమెరికాలో చాలామందికి, బడి. నిజంగా బడి. 1934లో పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ అనే ఊళ్లో ఏమోస్ నైహార్ట్ అని ఒకాయన హైస్కూలు పిల్లలకి తన సొంత కారులో నేర్పడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి అది దేశమంతా పాకింది, లెక్కలు, చరిత్ర లాగా డ్రైవింగ్ కూడా టైంటేబుల్‌లో ఒక పీరియడ్ అయింది. కారు బడిదే, పక్కన కూర్చునే మేస్టారు బడి మనిషే, ఇంట్లోవాళ్ల జేబులోంచి తీసేదేమీ పెద్దగా లేదు. ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాకపోయినా పిల్లవాడికి వచ్చేది.

తర్వాత దాన్ని పరీక్షకి పెట్టారు. జార్జియా రాష్ట్రంలో డికాల్బ్ కౌంటీలో, 1970ల చివర్లో, వేలమంది పిల్లల్ని గుంపులుగా విడగొట్టి, బడిలో నేర్పినవాళ్లకీ నేర్పనివాళ్లకీ ప్రమాదాల్లో తేడా ఎంతుందో చూశారు. చెప్పుకోదగ్గ తేడా నిలవలేదు. ఇంకేముంది, ప్రభుత్వానికి ఖర్చు తగ్గించుకోవడానికి ఒక కాయితం దొరికింది. 1980ల నుంచి బళ్లు ఒక్కొక్కటిగా ఆ పీరియడ్ ఎత్తేశాయి. నాకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ప్రమాదాలు తగ్గాయా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎవరెవరికి నేర్చుకునే అవకాశం వచ్చింది అన్నది వేరే ప్రశ్న. వాళ్లు మొదటిది అడిగి, రెండోదానికి కూడా అదే జవాబు రాసేసుకున్నారు. బడి ఆ సీటు దిగి వెళ్లిపోయింది, ఆ చోట ఇంట్లో టైమున్న నాన్న కూర్చోవాలి, లేదా గంటకింత అని తీసుకునే ప్రైవేటు స్కూలతను కూర్చోవాలి.

తర్వాత రూల్స్ వచ్చాయి. ఒకేసారి పూర్తి లైసెన్స్ చేతికివ్వకుండా మెట్లు మెట్లుగా ఇవ్వడం అన్నమాట. 1987లో న్యూజిలండ్ మొదలుపెట్టింది, అమెరికాలో 1996లో ఫ్లోరిడా ముందు అందుకుంది, తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో తెచ్చాయి. కాలిఫోర్నియాలో చూడండి, పదిహేనున్నరకి నేర్చుకోవడానికి పర్మిట్, కనీసం ఆరు నెలలు దాంతో ఉండాలి, పదహారుకి లైసెన్స్ వచ్చినా మొదటి ఏడాది రాత్రి పదకొండు నుంచి పొద్దున అయిదు దాకా ఒంటరిగా నడపకూడదు, ఇరవై నిండని స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు, ఎక్కించుకోవాలంటే పక్కన పెద్దవాళ్లుండాలి. పదహారేళ్లవాడికి కారు ఎందుకు కావాలి చెప్పండి? రాత్రిపూట స్నేహితుల్ని ఎక్కించుకుని తిరగడానికే కదా! ఆ రెండూ తీసేశాక మిగిలింది ఏంటి, అమ్మ చెప్పిన సామాను తేవడం. (నవ్వులు)

నవ్వుకున్నా ఈ రూల్స్‌ని నేను తప్పుపట్టను. పదహారు నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లు నడిపిన మైళ్ల లెక్కన చూస్తే, ప్రాణాలు పోయే ప్రమాదాలు ఇరవై దాటినవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పక్కన తోటి కుర్రాళ్లుంటే ఇంకా పెరుగుతుంది. 1975లో అమెరికాలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన టీనేజర్లు ఎనిమిదిన్నర వేలకు పైనే. ఈమధ్య అది మూడు వేల చుట్టూ ఉంటోంది. అందులో సీటు బెల్టుల వాటా ఉంది, మంచి కార్ల వాటా ఉంది, ఈ రూల్స్ వాటా కూడా ఉంది. తల్లిదండ్రులుగా మనకి అంతకంటే ఏం కావాలి.

కాకపోతే ఒక చిత్రం చూడండి. ఈ మెట్లన్నీ చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిది నిండనివాళ్లకే. పద్దెనిమిది వచ్చిందంటే యాభై గంటల లెక్క అడిగేవాడు లేడు, రాత్రి రూలు లేదు, నేరుగా వెళ్లి పరీక్ష ఇచ్చుకోవచ్చు. తెలివైన పిల్లవాడు ఏం చేస్తాడు? ఆగుతాడు. ఆగి ఆగి, పక్కన కూర్చునేవాళ్లు ఎవరూ లేకుండా, ఎక్కువ ప్రాక్టీసు లేకుండా, పద్దెనిమిదికో ఇరవైకో రోడ్డెక్కుతాడు. జాగ్రత్త కోసం పెట్టిన రూలు, జాగ్రత్త ఎక్కువ కావాల్సినవాణ్ణే తప్పించుకోనిచ్చింది. దీనిమీద అక్కడ వాదనలు నడుస్తూనే ఉన్నాయి, తేలలేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, అది మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీవాడు ఇందాక చెప్పిన ఆ మూడు రెట్ల లెక్క మనకంటే ముందే చదివి పెట్టుకుని, దానికి తగ్గట్టే ప్రీమియం వేస్తాడు. జర్మనీలో లైసెన్స్ చేతికి రావాలంటే ఈమధ్య రెండున్నర వేల యూరోల పైనే అవుతోంది. ఎందుకంటే అక్కడ పద్నాలుగు థియరీ క్లాసులు, హైవే మీద, ఊరి బయట, రాత్రిపూట కలిపి పన్నెండు ప్రత్యేక డ్రైవింగ్ పాఠాలు తప్పనిసరి, పైగా మామూలు రోడ్డు మీద నాన్నతో ప్రాక్టీసు చెయ్యడం కుదరదు. పక్క సీట్లో స్కూలు టీచరే కూర్చోవాలని చట్టం. అంటే ప్రతి గంటకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. జపాన్‌లో డ్రైవింగ్ స్కూలు కోర్సు మూడు లక్షల యెన్‌ల చుట్టూ ఉంటుంది. వాళ్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు, కుర్రవాళ్లు కారుకి దూరం జరగడం అని, ‘కురుమ బనారె’. పేపర్లలో ఆ మాట ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. రైలు దిగితే ఇంకో రైలు ఉన్న ఊళ్లో దూరం జరగక దగ్గరికెందుకు వెళ్తారు, అది నాకు అర్థం కాదు.

ఈ డబ్బు పిల్లలే సంపాదించుకునే రోజులు కూడా ఉండేవి. 1979లో అమెరికాలో పదహారు నుంచి పందొమ్మిదేళ్లవాళ్లలో 58 శాతం మంది ఉద్యోగం చేస్తూనో వెతుక్కుంటూనో ఉండేవాళ్లు. 2010 తర్వాత అది 35 చుట్టూ తిరిగింది. చదువు పెరిగింది, సెలవుల్లో కూడా ఏదో ఒక క్లాసు, కాలేజీ అప్లికేషన్ కోసం ఇంకేదో. మంచిదే. కానీ వేసవిలో పనిచేసి పాత కారు కొనుక్కున్న కుర్రాడు ఆ కారులోనే పనికి వెళ్లేవాడు, ఒకటి రెండోదాన్ని లాక్కొచ్చేది. ఇప్పుడు పని లేదు కాబట్టి కారు లేదు, కారు లేదు కాబట్టి దూరంగా ఉన్న పనికి వెళ్లలేరు. 2012లో అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్‌వాళ్ల ఫౌండేషన్ లైసెన్స్ తీసుకోవడం ఆలస్యం చేసిన కుర్రవాళ్లని అడిగితే, 44 శాతం మంది చెప్పిన మొదటి కారణం అదే, నడపడానికి మాకు కారేదీ అని. అదే లిస్టులో ఇంకో జవాబుంది, నాకు చాలా ఇష్టం, 35 శాతం మంది ‘ఎందుకో అలా జరిగిపోయింది, కుదర్లేదు’ అన్నారు. అంత నిజాయితీ మనం ఫారాల్లో ఎప్పుడైనా రాశామా?

భయం గురించి కూడా ఒక మాట. ఈమధ్య చాలామంది పిల్లలు, డ్రైవింగ్ అంటే టెన్షన్ అని బయటికే చెప్తున్నారు. మా రోజుల్లో చెప్పేవాళ్లం కాదు, అంతే. చెప్పకుండా వెళ్లి గోడకి గుద్దేవాళ్లం. పుట్టినప్పటి నుంచి వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, సైకిల్ మీద వీధి చివరి దాకా వెళ్లనివ్వకుండా, ఎక్కడికి కావాలంటే అక్కడికి మనమే దింపి, పదహారేళ్లు రాగానే ‘ఇదిగో తాళాలు, హైవే ఎక్కు’ అంటే ఆ పిల్లకి భయం వెయ్యకపోతేనే మనం భయపడాలి. సర్వేలో ఆ 31 శాతం, ఎవరో ఒకరు దింపుతున్నారు అన్నారే, ఆ ఎవరో ఒకరు మనమే కదండీ. మనమే డ్రైవర్లుగా డ్యూటీ చేస్తూ, వీడికి డ్రైవింగ్ రాదని నలుగురిలో చెప్పుకుంటాం.

మరి పిల్లలకి మోజు తగ్గిందా, దారి మూసుకుపోయిందా అంటే, నేను రెండో మాటే అంటాను. 2020లో కోవిడ్ మొదట్లో జార్జియా రాష్ట్రంలో ఒక సంగతి జరిగింది. రోడ్ టెస్టులు పెట్టలేక, అక్కడి గవర్నరు కొన్నాళ్లు ఆ టెస్టే మాఫీ చేశారు. పర్మిట్ కాలం పూర్తి చేసి, తల్లిదండ్రులు సరేనంటే లైసెన్స్ ఇచ్చేశారు. కొద్దిరోజుల్లోనే దాదాపు ఇరవై వేల మంది టీనేజర్లు తీసేసుకున్నారు. గొడవ అయ్యి తర్వాత వాళ్లని టెస్టుకి రమ్మన్నారనుకోండి. టెస్టు తీసెయ్యమని నేను అనడం లేదు, దయచేసి రేపు అలా చెప్పానని ఎవరూ అనకండి. ఇంటినిండా ఫోన్లు ఉన్న పిల్లలు, బయటికెళ్లడానికే లేని లాక్‌డౌన్‌లో, గేటు తెరవగానే లోపలికొచ్చారు, అది చూడమంటున్నాను. బ్రిటన్‌లో కోవిడ్ తర్వాత ప్రాక్టికల్ టెస్టు స్లాటు కోసం నెలల తరబడి ఎదురుచూపులు. ఆ స్లాట్లని సాఫ్ట్‌వేర్ పెట్టి పట్టేసి ఎక్కువ రేటుకి అమ్ముకునే దళారులు కూడా తయారయ్యారు. ఎవరికీ అక్కర్లేని వస్తువుకి బ్లాక్ మార్కెట్ ఉండదు కదా!

ఇంకోటి, ఆ 2013 సర్వేలోనే, రాబోయే అయిదేళ్లలో తీసుకుంటాం అన్నవాళ్లు 69 శాతం. ఎప్పటికీ తీసుకోం అన్నవాళ్లు 22 శాతం. ఎక్కువమంది వాయిదా వేస్తున్నారు, అంతే. పెళ్లి ఆలస్యం, ఇల్లు ఆలస్యం, పిల్లలు ఆలస్యం, లైసెన్సూ అదే వరుసలో నిలబడింది. అయితే ఇంగ్లండులో యువత ప్రయాణాల మీద 2018లో వచ్చిన ఒక పెద్ద నివేదికలో తేలింది ఏంటంటే, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు తర్వాత కూడా కాస్త తక్కువే నడుపుతున్నారు. వాయిదా పూర్తిగా తీరే అప్పు కాదన్నమాట.

తగ్గితే మంచిదే కదా, పొగ తగ్గుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి అని ఇందాక టీ దగ్గర ఒకాయన అన్నారు. ఒప్పుకుంటాను, సగం. బస్సు అయిదు నిమిషాలకొకటి వచ్చే ఊళ్లో లైసెన్స్ వద్దనుకున్నవాడు నిశ్చింతగా ఉంటాడు. వాడి మీద నాకు బెంగ లేదు. కానీ బస్సే లేని ఊళ్లో, ఇంట్లో ఉన్న ఒక్క కారూ అమ్మ రాత్రి డ్యూటీకి తీసుకెళ్లిపోతే, నేర్పడానికి నాన్న లేకపోతే, స్కూలు ఫీజు కట్టలేకపోతే, ఆ పిల్ల కూడా మన లెక్కలో అదే ‘లైసెన్స్ లేని యువత’లోకే వస్తుంది. ఉద్యోగం ప్రకటనలో కింద చిన్న అక్షరాల్లో లైసెన్స్ తప్పనిసరి అని ఉంటుంది, చేసే పనికి డ్రైవింగ్‌తో ఏ సంబంధం లేకపోయినా. శాతాలు మాట్లాడేటప్పుడు వీళ్లిద్దరూ ఒకే అంకెలో కలిసిపోతారు. నాకు ఎప్పుడూ అదే చిరాకు.

ప్రభుత్వాలు కూడా కదులుతున్నాయి, కొంచెం కొంచెంగా. ఫ్రాన్స్ 2024 జనవరి నుంచి పదిహేడేళ్లకే లైసెన్స్ ఇస్తోంది. జర్మనీలో చాలా ఏళ్లుగా పదిహేడుకి పరీక్ష పాసై, పద్దెనిమిది వచ్చేదాకా పక్కన పెద్దవాళ్లతో నడిపే పద్ధతి ఉంది. మళ్లీ పక్క సీటే, చూశారా.

నా టైం అయిపోయిందని అక్కణ్ణుంచి సైగ చేస్తున్నారు. రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(శ్రోత: సార్, ఇంకో పదేళ్లలో కార్లు వాటంతటవే నడుస్తాయి కదా, అసలు లైసెన్సు ఎందుకు?)

నడుస్తున్నాయి కూడా. వేమో కార్లు ఫీనిక్స్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రైవరు లేకుండానే జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. బానే ఉంది. కానీ అవి వచ్చిన ఊళ్లు చూడండి, ముందు పెద్ద సిటీలకే వచ్చాయి, అక్కడ ఎలాగూ వేరే దారులున్నాయి. బస్సు కూడా రాని ఊరికి అది ఎప్పుడొస్తుందో, ఎంత తీసుకుంటుందో చూసి మాట్లాడదాం. మీ అబ్బాయికి ఇప్పుడెంత వయసండీ? పదిహేడా? మరి పదేళ్లంటే వాడికి ఇరవై ఏడు. అప్పటిదాకా దింపుతారా మీరు? (నవ్వులు)

ఇంకొకటి. అక్కడ వెనకాల బాబు, ఆఁ నువ్వే, లేచి అడుగు.

(శ్రోత: అంకుల్, మా ఇంట్లో ఎవరికీ కారు లేదు, అమ్మకి డ్రైవింగ్ రాదు. స్కూల్లో గంటకి తీసుకునేది ఎక్కువ. నేను ఎవరి దగ్గర నేర్చుకోవాలి?)

... దీనికి నేను గంటసేపు మాట్లాడిన దాంట్లో జవాబు లేదు, నిజంగా లేదు. పక్కన కూర్చునేవాళ్లు అమ్మానాన్నలే కానక్కర్లేదు, చాలాచోట్ల వయసూ లైసెన్సూ ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా చాలు. నీకు పర్మిట్ ఉందా? ఉందా, మంచిది. అయితే అయిపోయాక వెళ్లిపోకు, ఈ స్టేజీ పక్కన ఆగు. ఆదివారం పొద్దున ఏడింటికి లేవగలవా? నేను కొంచెం అరుస్తాను, అది ముందే చెప్తున్నాను. కాకపోతే మాట ఇచ్చేముందు మా ఇన్సూరెన్స్ వాళ్లని ఒకసారి అడగాలి, నిన్ను మా కారులో కూర్చోబెట్టొచ్చో లేదో, వాళ్లేమంటారో మరి.